దీనమ్మ బిళ్ళ

ఊ కొడుతూ వినండి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే నాకు నోరు పెగలదు.

అనగనగా ఒక మిర్చి ఊరు. ఎంత కాలం కిందటో అడక్కండి, అసలు మందు ఇంకా మన దిక్కుకు రాని కాలం. హెచ్‌ఐవీ అని ఇప్పుడంటున్నాం గానీ, అప్పుడు పేరెత్తేవాళ్లు కాదు. ‘ఆ జబ్బు’ అనేవాళ్లు.

ఆ ఊళ్లో ఆ జబ్బున్న ఆడవాళ్లు ముగ్గురు. దీనమ్మ, రూతమ్మ, సుగుణ. ముగ్గురికీ మొగుళ్లే అంటించి పోయారు. ముగ్గురూ కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసి బతికేవాళ్లు. దీనమ్మకు ఒక్కతే కూతురు, సలోమి. అత్త కాంతమ్మ ఆ పిల్లను ఇంట్లో ఉంచుకుని, కోడలికి గొడ్ల చావిట్లో మంచం వేసింది. కంచం వేరు, చెంబు వేరు. కంచంతో ఆ జబ్బు అంటదని అప్పుడెవరికి తెలుసు? పిల్ల తలుపు అవతల అమ్మా అని ఏడ్చేది, తల్లి ఇవతల ఏడ్చేది. పగవాడికి కూడా వద్దు ఆ బతుకు.

ఇలా ఉండగా ఆస్పత్రి నర్సమ్మ బలం బిళ్ళలు తెచ్చింది.

“ఇవి జబ్బును చంపవు తల్లీ. ఒంట్లో సత్తువ పడిపోకుండా కాస్త ఆపుతాయి. అసలు మందు వచ్చేదాకా వీటితో నెట్టుకురండి” అంది.

రూతమ్మ తన బిళ్ళ కొడుక్కి పెట్టింది. సుగుణ తన బిళ్ళ తల్లికి పెట్టింది. ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా, బలమైన తిండి ఏదొచ్చినా తమ నోటిదాకా రానివ్వరు. దీనమ్మకు ఒళ్లు మండింది.

“మీరు పోతే వాళ్లకు వండిపెట్టేదెవరే? మింగండి, నా కళ్లెదుట మింగండి.”

రోజూ కల్లంలో సద్దన్నం తినగానే మింగించేది. ఎండలో మింగించింది, వానలో మింగించింది, జ్వరంలో మింగించింది.

మెల్లగా ముగ్గురికీ ఆకలి పుట్టింది. దీనమ్మకైతే బుగ్గలొచ్చాయి. జబ్బు పోయిందటే, అని ఊరంతా అనుకున్నారు. కాంతమ్మ కూడా నమ్మింది, కోడల్ని ఇంట్లోకి రమ్మంది. సలోమి తల్లి పైట గుప్పిట్లో పట్టుకుని పక్కన పడుకుంది. దీనమ్మకు ఇంకేం కావాలి చెప్పండి.

కొన్నాళ్లకు అసలు మందు వచ్చింది. తింటే కళ్లు తిరిగేవి, కడుపులో తిప్పేది. రూతమ్మ తిట్టుకుంటూ మింగింది. సుగుణ ఏడుస్తూ మింగింది. దీనమ్మ మాత్రం ముట్టుకోలేదు.

“నాకు తగ్గిపోయింది, బలం బిళ్ళలు చాలు” అంది.

“తగ్గలేదమ్మా, అణిగి ఉంది” అంది నర్సమ్మ.

రూతమ్మ వచ్చి దీనమ్మ చేతులు పట్టుకుంది. “నీకు దండం పెడతా, మింగవే.”

అప్పుడు చెప్పింది దీనమ్మ లోపలి మాట. “మందు మింగితే జబ్బుందని ఒప్పుకున్నట్టే కదే. మా అత్త చూసిందంటే మళ్లీ ఆ చావిడే. నా పిల్ల మళ్లీ తలుపవతలే. అది నా వల్ల కాదు.”

ఒక ఏడు బాగానే తిరిగింది. రెండో ఏడు దగ్గు పట్టుకుంది. మూడో ఏడు మంచం పట్టింది. బలం బిళ్ళలు మాత్రం ఒక్కరోజు మానలేదు, పాపం. అయినా ఒళ్లు ఎండిపోతూనే ఉంది. ఆఖరికి అసలు మందు మింగుతానంది గానీ, అప్పటికి గొంతులో మంచినీళ్లు కూడా దిగడం లేదు.

రూతమ్మను దగ్గరకు పిలిచింది. “నేను మీకు చెప్పింది సగమేనే. మిగతా సగం నువ్వు చెప్పు అందరికీ” అంది. ఆ మాటతోనే పోయింది.

సలోమి తల్లి పక్కనుంచి లేవనంది. లేపడానికి వచ్చిన కాంతమ్మ, లేపలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ వైపు ఆ జబ్బున్న ఆడవాళ్లు బలం బిళ్ళను దీనమ్మ బిళ్ళ అంటారు. రెండు బిళ్ళలూ అరచేతిలో పెడితే, ముందు అసలు మందే మింగుతారు. అది గొంతు దిగాకే దీనమ్మ బిళ్ళ ముట్టుకుంటారు. కొత్తగా మందుకు వచ్చిన పిల్ల ఎవరైనా బలం బిళ్ళ ముందు అందుకుంటే, పక్కనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

“అది తర్వాత తల్లీ. అదొక్కటే చాలనుకుని మా దీనమ్మ పోయింది.”