రాని జబ్బుకు వైద్యం

సముద్రపు ఒడ్డున మణిగిరి అనే రాజ్యం ఉండేది. ఉద్దండవర్మ దానికి రాజు. ఆడిన మాట వెనక్కు తీసుకోవడం తమ వంశంలోనే లేదని ఆయన రోజుకు రెండుసార్లయినా సభలో చెప్పేవాడు.

ఆయన కొలువులో తిప్పన అనే దుబాసి ఉండేవాడు. రేవులో దిగిన పరదేశీయుల మాట రాజుకూ, రాజు మాట వాళ్ళకూ చెప్పడం అతని పని. తిప్పనకు ఆరు భాషలు వచ్చు. ఆరింటిలోనూ విసుక్కోగలడని రేవులో చెప్పుకునేవారు. పాతికేళ్ళుగా ఉద్దండవర్మ మాటలు మోస్తున్న మనిషి విసుక్కోక ఏం చేస్తాడు.

ఒక ఏడాది చీనా దేశపు ఓడలో లీషాన్ అనే వైద్యుడు వచ్చాడు. ఆ కబురు విని రాణి మల్లాంబ తిప్పనను పిలిపించింది.

"ఆ వైద్యుణ్ణి ఒకసారి రాజుగారికి చూపించు తిప్పనా. ఆయన వేళ్ళు ఉబ్బుతున్నాయి. ఉంగరాలు ఊడి రావడం లేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు. అడిగితే కోప్పడుతున్నారు."

రాణి భయానికి కారణం ఉంది. రాజుగారి తండ్రి యాభయ్యో ఏట నిండు సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలిపోయాడు. ఆనాడు తిప్పన ఆ సభలోనే ఉన్నాడు. ఉద్దండవర్మకు ఇప్పుడు నలభై ఎనిమిది.

మర్నాడు లీషాన్ సభకు వచ్చాడు. రాజుగారి రెండు మణికట్లూ పట్టుకుని నాడి చూశాడు. నాలుక చాపమన్నాడు. అంతటితో ఆగక ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పుడు పడుకుంటారు, ఎప్పుడు లేస్తారు, ఏం తింటారు, ఏ ఋతువులో ఏం తింటారు, కోపం వస్తే ఎంతసేపు ఉంటుంది.

"కోపం సంగతి ఇతనికెందుకు?" అన్నాడు రాజు కోపంగా.

"మనిషిలో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయట ప్రభూ. తిండి, నిద్ర, మనసు, ఊపిరి అన్నీ కలిపి చూడకపోతే వైద్యం కాదంటున్నాడు."

"సరే, ఇంతకీ నాకేం జబ్బు?"

తిప్పన అడిగాడు. లీషాన్ చెప్పాడు. తిప్పన ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు.

"ఇప్పుడేమీ లేదట ప్రభూ. ఇలాగే సాగితే వస్తుందట. అందుకని ఇప్పుడే వైద్యం మొదలుపెట్టాలంటున్నాడు. పొద్దు వాలాక నెయ్యి ముట్టకూడదు, పెందలాడే పడుకోవాలి, ఉదయాన్నే నెమ్మదిగా చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఊపిరి దీర్ఘంగా పీల్చాలి, నడవాలి."

ఉద్దండవర్మ సింహాసనం మీద వెనక్కి వాలాడు. "లేని జబ్బుకు వైద్యమా? ఇలాంటి పనిలేని పనులు నాకు గిట్టవు. రాయసం, రాసుకో. ఈ రోజు నుంచి నా కోటలో రాని కష్టం కోసం ఎవరూ చాకిరీ చేయకూడదు. కష్టం వచ్చాకే పని. తిప్పనా, ఈ మనిషిని తెచ్చింది నువ్వే కనుక ఈ ఆజ్ఞ అమలు చేయించేదీ నువ్వే."

"చిత్తం."

"ఇంకొకటి. ఇతన్ని రేవు మేడలో కాపలా పెట్టండి. పౌర్ణమికి ఎనిమిది రోజులుంది. ఆ లోపల నాకు రాబోయే జబ్బు నాకు చూపించాలి. చూపించలేకపోతే ఇద్దరి నుదుటా 'అబద్ధాలకోరు' అని పచ్చబొట్టు పొడిపిస్తాను."

"ఇద్దరూ అంటే?"

"చెప్పిన వాడూ, ఆ మాట నా చెవిన వేసిన వాడూ."

రాని జబ్బును చూపించడం ఎలాగని లీషాన్ దారిలో అడిగాడు. తిప్పన అతని భాషలోనే కాసేపు విసుక్కున్నాడు. తర్వాత నడక ఆపి, రాజుగారి ఆజ్ఞను మనసులో మరోసారి చదువుకున్నాడు. విసుగు కాస్త తగ్గింది. వైద్యుణ్ణి మేడకు పంపించి, తను కోటలోని నౌకర్లందరినీ ఒకచోటికి పిలిపించాడు.

మర్నాడు మంగలి రాజుగారికి గడ్డం గీస్తుంటే ప్రాణం పోయినంత పనయింది.

"కత్తికి సాన పట్టలేదా?"

"మొద్దుబారితే పట్టమన్నారండి ప్రభూ. ఇప్పుడు మొద్దుబారినట్టు తెలిసింది కదా, పడతాను."

సగం గడ్డంతో రాజు భోజనానికి కూర్చున్నాడు. రెండో ముద్దలో రాయి పంటికింద కరకరలాడింది. వంటవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు రాయి వచ్చింది ప్రభూ. ఇక బియ్యం ఏరిస్తాను."

మూడో నాడు వాన పడింది. గొడుగు పట్టేవాడు మూసిన గొడుగు చంకన పెట్టుకుని పక్కనే నడిచాడు. రాజు తలపాగా నుంచి నీళ్ళు కారడం మొదలయ్యాక, ఒంగి ఒకసారి పరీక్షగా చూసి, అప్పుడు గొడుగు విప్పాడు. అంతఃపురం మీద పెంకు సర్దే పని ఆగిపోయింది కనుక ఆ సాయంత్రం రాజుగారి పరుపు మీద మూడు చోట్ల ధార కట్టింది. అప్పుడు నిచ్చెన వేసుకుని నలుగురు పైకెక్కారు.

ఉద్దండవర్మ తిప్పనను పిలిపించాడు. "ఈ నౌకర్లకి బుద్ధి లేదా?"

"ఉంది ప్రభూ. ఆజ్ఞ అడ్డొచ్చి వాడటం లేదు."

"నన్ను ఎగతాళి చేస్తున్నావా?"

"పచ్చబొట్టుకు సిద్ధమవుతున్నవాడికి ఎగతాళి చేసే ఓపిక ఎక్కడిది? తమరు ఆజ్ఞ రద్దు చేయండి, అన్నీ మామూలవుతాయి."

నిండు సభలో రాయించిన ఆజ్ఞ అది. "వెళ్ళు" అన్నాడు రాజు.

ఆరో నాడు రేవులో కొత్త ఓడను చూడటానికి రాజు పడవ ఎక్కాడు. తిప్పన పక్కనే కూర్చున్నాడు. ఒడ్డు నుంచి నాలుగు బారలు పోయారో లేదో రాజుగారి జోళ్ళు తడిశాయి. ఆ తర్వాత మడమలు.

"నీళ్ళు ఎక్కడివి?"

పడవ సరంగు తెడ్డు ఆపాడు. "పలకల సందుల్లో పీచు కూరి గుగ్గిలం పూయడం ఏటా వానల ముందు చేసే పని ప్రభూ. ఈసారి కారితేనే పూయాలన్నారు. కారుతోంది. ఒడ్డుకు పోగానే పూస్తాం."

మోకాలి లోతు నీళ్ళలో దిగి రాజు ఒడ్డుకు నడిచాడు. పల్లకీ బోయీలు ఎదురొచ్చి, బొంగు కొంచెం చీలిందనీ, విరిగితే తప్పకుండా మారుస్తామనీ విన్నవించుకున్నారు. ఉద్దండవర్మ పల్లకీ వైపు ఒక చూపు చూసి, రేవు మేడ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. బట్టలు మార్చుకోవడానికి అక్కడ అదొక్కటే చోటు. మొత్తం అరవై మెట్లు.

కోపంతో గబగబా ఎక్కాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర వేగం తగ్గింది. ముప్పయ్యో మెట్టు మీద చెయ్యి గోడకు ఆనించాడు. ఇంకో రెండు మెట్లెక్కి కూర్చుండిపోయాడు. ముఖం కందగడ్డలా అయింది. ఊపిరి అందడం లేదు.

పాతికేళ్ళ కిందటి సభలో చూసిన ముఖం మళ్ళీ తిప్పన కళ్ళ ముందు కనబడింది. యాభై ఐదేళ్ళ మనిషి ఆ మెట్లమీద పరుగెత్తాడు. కాపలా వాళ్ళు అడ్డు రాబోతే ఏ భాషలో తిట్టాడో అతనికే తెలియదు. లీషాన్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

వైద్యుడు రాజుగారి నడికట్టు వదులు చేశాడు, వీపు నిటారుగా పెట్టించాడు. మణికట్టు మీద వేళ్ళుంచి, తను నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ అలాగే చేయమని సైగ చేశాడు. చాలాసేపటికి రాజు ముఖం రంగు మారింది.

"ఇదేనా ఆ జబ్బు?" అని అడిగాడు రాజు. గొంతులో దర్పం లేదు.

తిప్పన అడిగి తెలుసుకున్నాడు. "ఇంకా రాలేదట. బయలుదేరినట్టు కబురు మాత్రం పంపిందట."

రాజు తడి బట్టలతో సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇదంతా నువ్వు పన్నిన పనే కదూ?"

"కత్తి, బియ్యం, గొడుగు, పడవ నావే ప్రభూ. ఈ మెట్లు మాత్రం నావి కావు. తమరు ఇక్కడ ఇలా కూలబడతారని తెలిస్తే ఆ పడవ ఎక్కనిచ్చేవాణ్ణి కాను." తిప్పన పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "తమ తండ్రిగారు పడిపోయినప్పుడు నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ అలా నిలబడటం నా వల్ల కాదు."

రాజు మెల్లగా అన్నాడు. "ఆజ్ఞ ఎలా తీసేయను తిప్పనా? రేపు సభంతా నవ్వుతుంది."

తిప్పనకు పోయిన విసుగంతా తిరిగొచ్చింది. "నవ్వాక చూద్దాం ప్రభూ. ఇంకా రాని నవ్వు కోసం ఇప్పటి నుంచే బాధపడటం తమ ఆజ్ఞకు విరుద్ధం."

ఉద్దండవర్మ అతని వైపు తేరిపార చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. కాపలా వాళ్ళు కిందికి తొంగి చూసేంతగా నవ్వాడు. నవ్వి నవ్వి మళ్ళీ ఆయాసం వస్తే, లీషాన్ చెయ్యెత్తి నెమ్మది అన్నాడు. ఆ మాట ఎవరూ తర్జుమా చేయనక్కర్లేకపోయింది.

మర్నాడు ఆజ్ఞ రద్దయింది. సభ నవ్వింది. రాజుకు ఏమీ కాలేదు. లీషాన్ తిరుగు ఓడకు అనువుగా గాలి మళ్ళేదాకా కోటలోనే ఉండిపోయాడు. ఉదయాన్నే రాజు ఆయన వెనక నిలబడి కొంగలా చేతులు చాపుతుంటే రాణి మేడ మీద నుంచి చూసేది.

తిప్పనకు రాజు పట్టుశాలువా కప్పి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"పది రోజులు నన్ను పిలవకండి ప్రభూ. ఏదైనా జరిగితే తప్ప."

"అలాగే" అన్నాడు రాజు.

మూడో నాడు తిప్పన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే కోట నుంచి భటుడు వచ్చాడు.

"ఏం జరిగింది?" అన్నాడు తిప్పన కంగారుగా లేచి.

"ఏమీ జరగలేదండి" అన్నాడు భటుడు. "జరగకముందే తమర్ని పిలుచుకురమ్మన్నారు ప్రభువులు."