పల్లకీలో థైరాయిడ్ రిపోర్టు

ఇది ఏ కాలం నాటి కథ అని నన్ను అడక్కండి. రాజుగారున్నారు, పల్లకీ ఉంది, థైరాయిడ్ రిపోర్టూ ఉంది. చాలదూ?

కుందవరం రాజుగారికి ఆ పొద్దున పంతం వచ్చింది. "ఈ కాగితం నాకు అర్థమయ్యేలా చెప్పినవాడికి నా ముత్యాలహారం ఇస్తా! అందాకా రాణికి చుక్క మందు పట్టనివ్వను."

పాపం రాణి మాచమాంబ, మండుటెండల్లో శాలువా కప్పుకుని కూర్చున్నచోటే కునుకుతోంది. మూడు నెలలుగా ఇదే వరస. జుట్టు రాలుతోంది, ఒళ్ళు వస్తోంది, మొహాన నవ్వన్నది లేదు.

ఆస్థాన వైద్యుడు శంఖుభట్టు మీసం దువ్వాడు. "ఇందులో తెలియనిదేముంది ప్రభూ? టీఎస్‌హెచ్ నాలుగో అయిదో దాటకూడదు. అమ్మగారికి పద్దెనిమిది! గొంతులో గ్రంథి పరుగులు పెడుతోంది. దాన్ని అణిచే కషాయం ఇంట్లో కాచే ఉంచాను."

విదూషకుడు తిప్పన చెవిన ఆ మాట పడింది. రిపోర్టు తెచ్చింది తనే. పరీక్ష చేసిన డాక్టరమ్మ చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ కషాయం తాగితే అమ్మగారు ఇక మంచం దిగరు. కానీ విదూషకుడు చెబితే భట్టు వింటాడా? చచ్చినా వినడు.

"తమంతటివారు నడిచి వెళ్ళి కషాయం తేవడమేమిటండీ? పల్లకీ ఇక్కడికే తెప్పిస్తాను, ఎక్కండి," అన్నాడు.

భట్టు ఉబ్బిపోయి ఎక్కాడు. తిప్పన తెరలు దించి, బోయీల పెద్ద చెవిలో ఏదో ఊదాడు. బోయీలు పల్లకీ ఎత్తి, ఉన్నచోటే కాళ్ళాడించారు. పెద్ద మాత్రం గొంతు చించుకున్నాడు.

"ఓహోం! ఓహోం! వెయ్యండ్రా అడుగు!"

"భట్టుగారూ, ఎందాకా వచ్చామంటారు?" తిప్పన ఆయాసపడుతున్నట్టు అడిగాడు.

"ఆ కేకలు వినపడట్లా? పల్లకీ దౌడు తీస్తోంది! కోట దాటేసుంటాం."

తిప్పన తెర లాగాడు. ఎదురుగా సింహాసనం మీద రాజుగారు!

"బోయీలు కదలకపోబట్టే కదండీ, పెద్ద అంతలా అరిచింది!"

భట్టు తల బయటపెట్టి బోయీల కాళ్ళకేసి చూశాడు.

"టీఎస్‌హెచ్ అంటే తలలోంచి గ్రంథికి వేసే కేక ప్రభూ," అన్నాడు తిప్పన. "గ్రంథి మొరాయించింది, కేక పద్దెనిమిదికెక్కింది. గ్రంథి పని, అంటే నడక సంగతి కింది వరసలో ఉంది, టీ ఫోర్ అని. చూడండి, తక్కువ. భట్టుగారు పై వరసతోనే ఆగిపోయారు. అమ్మగారికి కావాల్సింది అణిచే కషాయం కాదు, లోటు తీర్చే మాత్ర. రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకోమని డాక్టరమ్మ రాసిచ్చింది."

శాలువాలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"భట్టుగారూ, ఇక దిగండి," అంది రాణి. "కోట దాటేశారుగా!"

సభ గొల్లుమంది. మూడు నెలల తర్వాత ఆ నవ్వు విన్న రాజుగారు, కళ్ళు తుడుచుకుంటూనే ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశారు.