నక్క సింగన్న ఫారిన్ బట్టల కొట్టు

తాళ్లమెట్టలో జంతువులన్నీ బట్టలు కట్టుకు తిరిగే రోజులవి. ఇప్పుడెందుకు కట్టుకోవడం లేదని నన్నడక్కండి, అది వేరే గొడవ, నాకూ సరిగ్గా తెలీదు.

ఆ మెట్ట మీద గిజిగాడు పిచ్చయ్య మగ్గం నేసేవాడు. పిట్ట చిన్నదే గానీ పనితనం గట్టిది. వాడు నేసిన దుప్పటి తాత కప్పుకుంటే మనవడి దాకా వచ్చేది. ధరంటారా, కుంచెడు జొన్నలు పోస్తే చీర, మానెడు పోస్తే తువ్వాలు. బేరం ఆడాలన్నా సిగ్గేసేది.

పడుగు వేసిన రోజు చూడాలి ఆ సంబరం. తెల్లారగానే తాటిచెట్ల మధ్య పోగులు బారుగా చాచి, వాటికి జొన్న గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ అటూ ఇటూ ఎగిరేవాడు పిచ్చయ్య. ఆ గంజిలో గుప్పెడు మెంతిపిండి కలపడం వాళ్ల తాతలనాటి అలవాటు. అలా కలిపితే బట్టకి పురుగు పట్టదట. మిగిలిన గంజి అంతా గేదె పోలమ్మ కుడితి తొట్టిలో పడేది. లోకంలో పోలమ్మకి ఇష్టమైనవి రెండే, బురద ఒకటి, పిచ్చయ్య గంజి ఇంకోటి.

ఇంత చక్కగా సాగుతుంటే ఏలినాటి శనిలా దిగాడు నక్క సింగన్న. వాగు దాటాక కొట్టు పెట్టాడు. గుమ్మానికి రంగు కాగితాలు కట్టి, "సముద్రం అవతలి నుంచి దిగిన సరుకు! అచ్చమైన ఫారిన్ బట్ట!" అని కేకలేశాడు. ప్రతి బట్టకీ ఓ మూల బంగారు రంగు చీటీ అంటించి ఉండేది. చీర కావాలంటే బస్తా జొన్నలు పొయ్యాలి.

ముందుగా వెళ్లింది మేక మంగతాయి. షోకంటే ప్రాణం ఆవిడకి.

"బస్తానా? అదేం ధర సింగన్నా! మా పిచ్చయ్య కుంచెడుకే ఇస్తాడే?" అంది.

సింగన్న చెవిలో ఈగ దూరినట్టు మొహం పెట్టాడు. "ఇయ్యడా మరి? కుంచెడు బట్ట కుంచెడులాగే ఉంటుంది. నువ్వు కట్టుకుని బయల్దేరితే జనం ఏమనుకోవాలి? పాపం, మంగతాయికి గడవడం లేదు అనుకోవాలా?"

అంతే. మంగతాయి మర్నాడే బస్తా మోసుకొచ్చింది. మేకని చూసి కుందేలు, కుందేలుని చూసి కోతి. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు చూడండి, అలాగే అయింది పిచ్చయ్య బతుకు. మగ్గం దగ్గరికి వచ్చే మొహమే లేదు.

ఇక అసలు సంగతి చెప్తాను వినండి. ఊరంతా వాగు దాటి కొట్టుకెళ్తుంటే, సింగన్న మాత్రం చీకటితోనే వాగు దాటి ఇటొచ్చేవాడు.

"ఎలా ఉన్నావు పిచ్చయ్యా?"

"ఏం చెప్పను సింగన్నా. ఒక్కరూ రావడం లేదు. నా నేతలో లోపం వచ్చిందేమో!"

"వచ్చిందిలే. మోటుగా ఉంటోందని అనుకుంటున్నారు. నాకు మాత్రం నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతుందయ్యా. నువ్వు నేసిందంతా నాకు పడెయ్యి. కొండవతల ఎవరికైనా బొంతల కిందకి అమ్మి పెడతాను. చీరకి దోసెడు నూకలిస్తా. ఎవరితోనూ అనకు, నీకే నామోషీ."

పాపం పిచ్చయ్య నమ్మాడు. గుంటలో దిగి మగ్గం ముందు కూచున్న వాడికి వాగు అవతల ఏం జరుగుతోందో ఏం తెలుస్తుంది? సింగన్న ఆ మూట తీసుకెళ్లి, కొట్టు వెనక కూచుని, బంగారు చీటీలు అంటించేవాడు. సముద్రం దాటి వచ్చిందన్న సరుకు దాటింది ఆ మోకాల్లోతు వాగొక్కటే!

పోలమ్మకి మాత్రం ఎక్కడో అనుమానం. "కొనేవాళ్లు లేరంటావు, నా తొట్టిలో గంజేమో రోజూ పడుతోంది. ఎవరి కోసం నేస్తున్నావు పిచ్చయ్యా?" అని అడిగింది.

పిచ్చయ్య తల దించుకున్నాడు. "ఇంకెన్నాళ్లులే పోలమ్మక్కా. దోసెడు నూకలతో పిల్లల కడుపు నిండడం లేదు. వనభోజనాలు కాగానే మగ్గం విప్పేస్తాను. సింగన్న కొట్లో మూటలు మోసే పనైనా అడుగుతాను."

పోలమ్మకి మనసొప్పలేదు. గంజి పోతుందని కాదు. సరే, కొంచెం గంజి కోసం కూడా. కానీ తాత నాటి మగ్గం విప్పుతానన్నప్పుడు వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, అది ఆవిడ మర్చిపోలేకపోయింది. వెళ్లి ఎద్దు కోటయ్యకి చెప్పుకుంది. కోటయ్య మెట్టకి పెద్ద దిక్కు. అంతా విని, నెమరేస్తూ, "చూద్దాం" అన్నాడు. కోటయ్య చూద్దాం అన్నాడంటే నిజంగానే చూస్తాడు.

కార్తీకం వచ్చింది. ఉసిరి చెట్ల కింద వనభోజనాలు. అబ్బబ్బ, ఏం హంగామా! కోతి పులిహోర కలుపుతోంది. కుందేళ్లు విస్తళ్లు పరుస్తున్నాయి. అందరి ఒంటి మీదా కొత్త బట్టలు, అందరి బట్టల మీదా బంగారు చీటీలు. సింగన్న ఫారిన్ పంచె కట్టి, ఫారిన్ ఉత్తరీయం వేసుకుని, పెళ్లివారి మావగారిలా మొదటి విస్తరి ముందు కూచున్నాడు. పిచ్చయ్య ఓ చివర, చెట్టు చాటున ఒదిగి కూచున్నాడు. ఊరివాళ్ల మొహాలు చూడ్డానికే చిన్నబోయి, తల ఎత్తలేదు.

పోలమ్మ నాలుగేళ్ల నాటి పిచ్చయ్య చీరే ఉతికి కట్టుకొచ్చింది.

మంగతాయి మూతి తిప్పింది. "పోలమ్మక్కా, పండగ పూట కూడా ఆ పాతదేనా? మా పక్కన కూచోడానికి నీకేమీ అనిపించడం లేదూ?"

"అనిపిస్తోందే తల్లీ, ఆకలిగా అనిపిస్తోంది. జరుగు" అని పక్కనే చతికిలబడింది పోలమ్మ.

పప్పు వడ్డిస్తుండగా చినుకులు మొదలయ్యాయి. పెద్ద వానేం కాదు, బట్టలు తడిసేంత. కొత్త బట్ట తడిస్తే గంజి వాసన రాకుండా ఉంటుందా? పోలమ్మ ముక్కుపుటాలు అదిరాయి. కళ్లు అరమూతలు పడ్డాయి. ఆపుకుందామనే అనుకుంది పాపం, కానీ నాలిక మాట వినలేదు. బారెడు నాలిక చాపి మంగతాయి పైట చెంగు ఈ కొస నుంచి ఆ కొస దాకా నాకేసింది.

"ఛీ ఛీ! బస్తా జొన్నలు పోసి కొన్న చీరే! నీ నాలిక తెగ!" మంగతాయి గంతేసింది.

పోలమ్మ ఇంకోసారి చప్పరించింది. "ఒసేయ్ మంగతాయీ, ఇది మా పిచ్చయ్య గంజే! జొన్న గంజి, మెంతిపిండి. పుట్టినప్పట్నుంచీ తాగుతున్నా, నాకు తెలీదా?"

అందరూ తినడం ఆపేశారు. సింగన్న విస్తరి ముందు నుంచే నవ్వాడు. "గేదె మాటలకి విలువేంటర్రా! ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని పెద్దలు ఊరికే అన్నారా?"

"నా పేరెందుకు మధ్యలో?" అన్నాడు కోటయ్య. అటుకులు అప్పటికే మూడో విస్తరి తింటున్నాడు.

"సామెత చెప్పాను మావా! సముద్రం అవతల మాత్రం గంజి పెట్టరా ఏంటి? వాళ్ల గంజి, మన గంజి ఒకే వాసనొస్తే అది నా తప్పా?"

"నీ తప్పు కాదురా అబ్బాయ్" అని కోటయ్య తాపీగా మూతి తుడుచుకున్నాడు. "ఇది పిచ్చయ్య బట్ట కాకపోవడమే మంచిదైంది. నా భయం నాది."

"భయమేంటి మావా?" అంది మంగతాయి.

"పిచ్చయ్యకి ఎలకల బాధ ఎక్కువైంది కదా. అవి బట్ట కొరక్కుండా ఈ దఫా గంజిలో దూలగొండి నూగు కలిపాడు. పొడిగా ఉన్నంతసేపూ ఏం కాదనుకో. తడిసిందా, అమ్మో! ముందు మెడ దగ్గర చిన్నగా చుర్రుమంటుంది. తర్వాత వీపు. ఆ తర్వాత ఇక చెప్పుకోలేని చోట్లన్నీ."

పిచ్చయ్య కంగారుగా లేచాడు. "అయ్యో, నేనెప్పుడు—" అనబోతే పక్కనే ఉన్న కోటయ్య తోకతో వాడి నోరు మూశాడు.

మిగతా వాళ్లంతా నిశ్చింతగా పులిహోర అందుకున్నారు. వాళ్లది ఫారిన్ బట్టాయె, వాళ్లకేం? కుందేలైతే, "పాపం, పిచ్చయ్య బట్ట కొన్నవాళ్లు ఏమైపోతారో!" అని జాలి కూడా పడింది.

సింగన్న ఒక్కడే ముద్ద మింగలేకపోయాడు. ఉత్తరీయం మెడకి తడిగా అంటుకుని ఉంది. మెడ మీద ఏదో చుర్రుమన్నట్టుంది. చిన్నగా గోక్కున్నాడు. వీపు మీద కూడా ఏదో పాకినట్టుంది. ఉసిరి చెట్టుకి వీపు ఆనించి అటూ ఇటూ రుద్దుకున్నాడు.

"ఏం సింగన్నా, దురదా?" అంది పోలమ్మ.

"అబ్బే, దోమ!"

దూలగొండే ఉంటే ముందు పోలమ్మ నాలిక మండిపోవాలి కదా అన్న ముక్క వాడికి తట్టనే లేదు. భయపడ్డవాడి బుర్ర అలాగే పనిచేస్తుంది. దోమ కాస్తా చీమల దండైంది. ఒక కాలితో డొక్క, ఇంకో కాలితో చెవి గోక్కుంటూ విస్తరి మీద పడ్డాడు. పంచెకి పప్పు, మీసాలకి పాయసం. ఇక తట్టుకోలేక ఉత్తరీయం పీకి అవతల పారేసి అరిచాడు.

"ఒరేయ్ పిచ్చయ్యా! దుర్మార్గుడా! దూలగొండి కలిపిన బట్ట నాకంటగడతావుట్రా!"

ఆ మాట నోరు దాటాక గానీ వాడికి తెలిసి రాలేదు.

"నేనేం కలపలేదు సింగన్నా. మెంతిపిండే" అన్నాడు పిచ్చయ్య.

ముందు కోతికి అర్థమైంది. కోతి పడీ పడీ నవ్వింది. కోతి నవ్వుకి కుందేళ్లు, కుందేళ్ల నవ్వుకి మెట్ట మెట్టంతా ఘొల్లుమంది. సింగన్న పంచె కూడా అక్కడే వదిలేసి, వచ్చిన దారి కూడా చూడకుండా పరుగో పరుగు. దురద మాత్రం వాడితోనే వెళ్లింది.

మంగతాయి నవ్వలేదు. తన చెంగుకున్న బంగారు చీటీ గోటితో గీకి తీసింది. కింద పిచ్చయ్య నేసిన అంచు, ఎప్పటి అంచే. పిచ్చయ్య అప్పుడే తలెత్తి చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా తను నేసిన బట్టే కట్టుకుని ఉంది. మోటు బట్ట కాదు, బొంతల కిందకి పోలేదు. ఎరుపు మంగతాయికి ఎంత బాగుంది! వాడికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాడు.

"పిచ్చయ్యా, చీర మంచిదే, నా బుద్ధే మంచిది కాదు. ధర తక్కువ కాబట్టి సరుకూ తక్కువే అనుకున్నాను" అంది మంగతాయి. "మగ్గం మాత్రం విప్పకు నాయనా."

"విప్పేదెలా? ఇంకో చీరకి పడుగెయ్యాలి కదా!" అంది పోలమ్మ గబగబా.

కోటయ్య అందరినీ సింగన్న కొట్టుకి తీసుకెళ్లాడు. ఎవరి బస్తాలు వాళ్లు తీసుకున్నారు, చీరకి కుంచెడు చొప్పున పిచ్చయ్య గాదెలో పోశారు. ఇంకా పోస్తామంటే పిచ్చయ్యే ఒప్పుకోలేదు. "నా ధర అదే. మీరు మళ్లీ మళ్లీ రండి, అది చాలు" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి తాటిచెట్ల మధ్య పడుగు చాచి ఉంది. ఓ కొస కోతి పట్టుకుంది, ఓ కొస కుందేలు. మంగతాయి తనకి పచ్చరంగు చీర కావాలని, కోడలికి వంగపండు రంగని, వద్దు వద్దు నాకే వంగపండు రంగని మాట మారుస్తూ పిచ్చయ్య ప్రాణం తీస్తోంది. పోలమ్మ తొట్టి పక్కన కూచుని వచ్చేపోయే వాళ్లందరినీ పిలుస్తోంది. "కొనండమ్మా కొనండి! మీ ఒళ్లు నిండితే నా తొట్టి నిండుద్ది!"

సింగన్న మరి కొట్టు పెట్టలేదు. తుప్పర పడితే చాలు, ఏ పొద చాటునో కూచుని ఇప్పటికీ గోక్కుంటూనే ఉంటాడట.

అందుకే అంటారు తాళ్లమెట్టలో: బట్ట మన్నిక నేసిన చేతిని బట్టి, అంటించిన చీటీని బట్టి కాదు.