ఎర్నమ్మ తొర్రకు వచ్చిన కబుర్లు

అనగనగా ఒక అడవిలో, మరీ పాత అడవి కూడా కాదు, ఇప్పటికీ పచ్చగా ఉన్న అడవిలోనే, ఏటి ఒడ్డున ఒక మద్దిచెట్టు ఉంది. ఆ చెట్టుకు మనం నిచ్చెన వేసినా అందనంత ఎత్తులో ఒక తొర్ర. ఆ తొర్రలో ఎర్నమ్మ అనే కొమ్ముపిట్ట గుడ్డు పెట్టుకుని కూర్చుంది.

కొమ్ముపిట్ట అంటే తెలుసా పిల్లలూ? పెద్ద వంకర ముక్కు, ఆ ముక్కు మీద టోపీ పెట్టినట్టు ఒక కొమ్ము. చూస్తే నవ్వొస్తుంది. కానీ కాపురం చేయడంలో దాని తర్వాతే ఎవరైనా. గుడ్డు పెట్టే రోజులు రాగానే ఆడపిట్ట తొర్రలో దూరుతుంది. మొగపిట్ట బయటినుంచి మట్టి తెచ్చి ఇస్తుంది. ఆడపిట్ట ఆ మట్టిలో పళ్ళ గుజ్జూ, తన రెట్టా కలిపి తొర్ర ద్వారానికి గోడ కట్టేస్తుంది. ఛీ అనకండి! ఆరిందంటే రాయిలా ఉంటుంది ఆ గోడ. పామూ కోతీ లోపలికి రాలేవు. ముక్కు పట్టేంత సందు ఒక్కటే మిగులుతుంది. లోపల కూర్చున్న ఆడపిట్టకు పాత ఈకలు రాలిపోయి, కొత్తవి నెమ్మదిగా మొలుస్తాయి. అన్నాళ్ళూ అది ఎగరలేదు. మొగుడు తెచ్చి సందులోంచి అందిస్తేనే తిండి.

ఎర్నమ్మ మొగుడి పేరు పైడయ్య. మాట తక్కువ, పని ఎక్కువ. తెల్లారగానే కొండ అవతలి జువ్విచెట్టు దగ్గరికి వెళ్ళేవాడు. గొంతు నిండా పళ్ళు నింపుకుని వచ్చి, ఒక్కొక్కటే పైకి తెచ్చి ఎర్నమ్మ నోటికి అందించేవాడు. "తిన్నావా? సరే" అనేవాడు. మళ్ళీ ఎగిరిపోయేవాడు. రోజుకు మూడుసార్లు అదే పని, అదే మాట.

తిండికి లోటు లేదు. కానీ చీకట్లో ఎంతసేపని కూర్చుంటుంది? ఎర్నమ్మకు పొద్దుపోయేది కాదు. సరిగ్గా అప్పుడే సందు దగ్గర ఒక గోరింక వాలింది.

"వదినా, లోపలున్నావా?"

"ఇంకెక్కడికి పోతానమ్మా?" అంది ఎర్నమ్మ.

"కబురుంది. పండు పెడితే చెప్తాను."

కబుర్ల గోరింకంటే ఆ అడవిలో తెలియనివాళ్ళు లేరు. తిండి వెతుక్కోవడం అది ఎప్పుడో మానేసింది. చెట్టు చెట్టుకూ తిరిగి కబుర్లు చెప్పి, పండో పురుగో పుచ్చుకునేది. చల్లని కబురు చెబితే అందరూ "ఓహో" అని ఊరుకునేవారు. గుండె గుభేలుమనే కబురు చెబితే "తర్వాత? తర్వాత?" అని ఇంకో పండు పెట్టేవారు. గోరింక తెలివైంది. చల్లని కబుర్లు తేవడం మానేసింది.

ఎర్నమ్మ ఒక పండు బయటికి తోసింది. గోరింక దాన్ని మింగి, గొంతు సవరించుకుంది.

"ఏటి అవతల మద్దిచెట్టు మీద పిడుగు పడింది వదినా! చెట్టు చెట్టంతా మసి."

"అయ్యో! మాదీ మద్దిచెట్టే కదేటి?" అంది ఎర్నమ్మ.

"మరి అదే కదా నా బాధ!" అని గోరింక ఎగిరిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "ఎగువ కొండలో కోతులు ఒక కొమ్ముపిట్ట గోడని పగలగొట్టేశాయి వదినా!" ఈసారి రెండు పళ్ళు పుచ్చుకుంది. మూడోనాడు ఇంకా పొద్దెక్కకముందే వచ్చింది. "దిగువ లోయలో డేగ ఒకటి మొగపిట్టని ఎత్తుకుపోయింది వదినా! లోపల పెళ్ళాం గతి ఏటో!" ఈసారి ఎర్నమ్మ దగ్గర ఉన్న పళ్ళన్నీ గోరింక పొట్టలోకి పోయాయి.

అవేవీ అబద్ధాలు కావు. అంత పెద్ద అడవిలో ఏదో మూల ఏదో ఒకటి జరగకుండా ఉంటుందా? కానీ ఆ మూలా ఈ మూలా జరిగినవన్నీ తెచ్చి ఒకే తొర్రలో కుమ్మరిస్తే, లోపలున్నదానికి ఊపిరి ఆడుతుందా?

గోరింక వెళ్ళిపోయినా దాని మాటలు పోలేదు. ఎర్నమ్మ వాటినే తనలో తను గొణుక్కునేది. "ఈ గోడ ఆగదు. నా ఈకలు మళ్ళీ రావు. మావ ఏదో రోజు రాడు. నా వల్ల కాదు." పొద్దున ఇదే. సాయంత్రం ఇదే. పైడయ్య పండు అందిస్తుంటే కూడా "ఇవాళొచ్చావు, రేపొస్తావా?" అనేది. పైడయ్య మాత్రం ఇంట్లో పళ్ళు చాలడం లేదు కాబోలు అనుకుని, మూడుసార్లు తిరిగేవాడు ఆరుసార్లు తిరగడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. ఒంటిమీద ఒక్క ఈక లేదు, పొట్ట మాత్రం ఇంత. ఎర్నమ్మ దాన్ని రెక్క కింద పొదువుకుని పొంగిపోయింది. ఆ పొంగు ఒక పూట నిలిచింది. ఆ వెంటనే గోరింక వచ్చింది, ఎర్నమ్మ మళ్ళీ పళ్ళు బయటికి తోసింది, మళ్ళీ గొణుక్కుంది. పదిరోజులయినా పిల్ల అంగుళం ఎదగలేదు.

పదకొండోనాడు పిల్ల మొదటిసారి నోరు తెరిచి మాట్లాడింది. ఎర్నమ్మ దాని ముక్కు దగ్గరికి చెవి తెచ్చింది. అమ్మా అంటుందేమో, నాన్నా అంటుందేమో అని చూసింది.

"రాడు," అంది పిల్ల. "నా వల్ల కాదు."

ఎర్నమ్మ చెవి వెనక్కి తీసుకుంది. ఆ మాట ఎవరు నేర్పారు? ఇంకెవరు, తొర్రలో ఉన్నది తనొక్కతే కదా.

అయినా ఒక్కతే అనడం తప్పు. తొర్ర అడుగున ఇంకో ముసలి ప్రాణి ఉంది. అది పేడపురుగు తాత. పిట్ట రెట్టా, పండు తొక్కా ఎత్తి తొర్ర శుభ్రం చేసుకుంటూ అక్కడే బతుకుతుంది. పాపం, ఎర్నమ్మ దాన్ని ఏనాడూ పలకరించలేదు.

"విన్నావా తాతా?" అంది ఎర్నమ్మ ఏడుస్తూ.

"వినక? ఇరవై రోజుల్నుంచి వింటున్నాను," అంది పేడపురుగు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి ఇప్పుడున్న ఊరు ఈ తొర్రే. అందులో పుట్టిన పిల్ల ఇంకే మాట నేరుస్తుందమ్మా?"

"అయితే అంతా బాగుంది, అంతా బంగారం అనుకోమంటావా?"

"నేననను. పిడుగు పడలేదని అనుకుంటే పడ్డ పిడుగు వెనక్కి పోతుందా? ఉన్నదే అనుకో. నీ ముక్కుకు అందేది అనుకో. గోడ ఉందా?"

ఎర్నమ్మ ముక్కుతో తట్టి చూసింది. "ఉంది. గట్టిగానే ఉంది."

"ఈకలు?"

ఎర్నమ్మ చీకట్లో తన రెక్క తడుముకుంది. రాలిపోయిన చోటల్లా పుల్లల్లా కొత్త ఈకలు గుచ్చుకున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని తను ఒక్కసారి కూడా తడిమి చూడలేదు. "మొలుస్తున్నాయి తాతా," అంది ఆశ్చర్యంగా.

"మరి గోరింక కబురు సంగతి. వినొద్దని నేను చెప్పను. విన్నాక నువ్విక్కడ కూర్చుని చేయగల పని ఏదన్నా ఉందా అని చూసుకో. ఉంటే ఉంచుకో. లేకపోతే పోనీ. నేను ఎత్తి పారేసేవాటిలో అదొకటి అనుకుంటాను," అంది పేడపురుగు. తన పనిలోకి తను వెళ్ళిపోయింది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఆ రాత్రే గాలివాన వచ్చింది. తెల్లారింది, పైడయ్య రాలేదు. పొద్దెక్కింది, రాలేదు. తొర్రలో మిగిలింది ఒకే ఒక్క పండు. ఎర్నమ్మ దాన్ని చిదిపి సగం పిల్లకు పెట్టింది.

అప్పుడు వాలింది గోరింక, తడిసిన ఈకలు విదుల్చుకుంటూ. "వదినా! ఈసారి పండు అడగను. కొండ అవతల గాలికి ఒక కొమ్ముపిట్ట కూలిపోయిందట వదినా!"

ఎర్నమ్మకు ఒళ్ళు తెలియలేదు. ఎదురుగా ఉన్న గోడను ముక్కుతో పొడిచింది. ఇంకోసారి పొడిచింది. ఒక పెచ్చు ఊడి కింద పడింది. ఇంకో నాలుగు దెబ్బలకు ద్వారం తెరుచుకునేదే. తెరుచుకుంటే? ఎగరడానికి రెక్కలింకా రాలేదు. చెట్టు మొదట్లో కోతులు తిరుగుతుంటాయి. వెనక ఈకల్లేని పిల్ల ఉంది.

"రాడు," అంది వెనకనుంచి పిల్ల.

ఎర్నమ్మ ముక్కు ఆగింది. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకులోనే, పిల్లకు వినబడేలా, నెమ్మదిగా అంది. "గోడ ఉంది. పిల్ల వెచ్చగా ఉంది. సగం పండు ఉంది. మీ నాన్న ఇన్నాళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఇవాళ ఏమైందో నాకు తెలీదు. తెలీదు, అంతే."

ఒకసారి చెప్పుకుంటే వణుకు తగ్గలేదు. మూడుసార్లు చెప్పుకుంటే ముక్కు నిలకడగా నిలిచింది. అప్పుడు సందులోంచి గోరింకను అడిగింది.

"పడింది మా మావేనా? నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. చిలక చెప్పింది. చిలకకి ఉడత చెప్పిందట."

"అయితే వెళ్ళి చూసి రా."

"నేనా?" గోరింక తెల్లబోయింది.

"నువ్వే. నీకు పెట్టడానికి నా దగ్గర పండు లేదు. ఇన్నాళ్ళూ నీకు పెట్టినవన్నీ మా మావ రెక్కలు నొప్పెట్టేలా మోసుకొచ్చినవి. నాకింక కబుర్లొద్దమ్మా. ఒక్క నిజం కావాలి. నీకు రెక్కలున్నాయి, నాకు లేవు."

గోరింక తడి రెక్కలు విప్పింది. "ఇన్నేళ్ళలో తర్వాతేటి, తర్వాతేటి అని అడిగినవాళ్ళే గానీ, చూసి రా అన్నవాళ్ళు లేరు వదినా," అంది. ఎగిరిపోయింది.

ఎర్నమ్మ ఊరికే కూర్చోలేదు. పిల్లకు రెక్క కప్పి, ఊడిన పెచ్చు చోట పండు తొక్కలతో మెత్తింది. తాత తొక్కలు దొర్లించుకొచ్చి అందించింది. మధ్యాహ్నానికి గోరింక వచ్చింది.

"బతికే ఉన్నాడు వదినా! కూలింది ముసలి పిట్టెవరో. మీ ఆయన బండకింద నానిపోయి కూర్చున్నాడు. దెబ్బేమీ లేదు. అలిసిపోయాడు, అంతే. ఈ మధ్య రోజుకి ఆరుసార్లు కొండ దాటుతున్నాడట. రెక్క లేవడం లేదు."

ఆరుసార్లు! తను ఏనాడూ లెక్కపెట్టలేదు. ఎర్నమ్మ కళ్ళు మూసుకుంది. బతికున్నాడన్న సంతోషం, తన చేతులారా అతన్ని అంత అలిసేలా చేశానన్న సిగ్గు, రెండూ ఒక్కసారే వచ్చాయి. కాసేపటికి తేరుకుని అడిగింది.

"అడవంతా తిరుగుతావు కదా. కొండ దాటక్కర్లేకుండా, దగ్గర్లో ఎక్కడన్నా పళ్ళు పండాయా?"

"ఏటి మలుపులో రావిచెట్టు విరగకాసింది. నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులా! మరి చెప్పవేటమ్మా?"

"అదో కబురా? దానికెవరు పండు పెడతారు?" అంది గోరింక. అని, తన మాట తనకే వినబడి తల దించుకుంది. "అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఎవరూ అడగలేదు వదినా. ఉండు, ఆయనకి ఆ చెట్టు చూపించి వస్తాను."

పొద్దు వాలుతుండగా చెట్టు మీద బరువుగా ఏదో వాలిన చప్పుడైంది. ఒక రెక్క వాలిపోయి, ముక్కుకంతా బురదతో, పైడయ్య సందు దగ్గరికి వచ్చాడు. గొంతులోంచి ఒక రావిపండు తీశాడు. తర్వాత ఇంకొకటి. అంతే.

"ఇవాళ ఇవే ఎర్నీ," అన్నాడు తప్పు చేసినవాడిలా. "తిన్నావా?"

"మావా," అంది ఎర్నమ్మ. "నీకో మాట చెప్పాలి. నువ్వు తెచ్చిన పళ్ళు నేను గోరింకకి పెట్టాను. పిల్లనీ మాడ్చాను, నిన్నూ మాడ్చాను. కూర్చున్నచోటికి భయం కొనుక్కున్నాను."

 "గోరింక తిందా!" అన్నాడు పైడయ్య. "నా బిడ్డ తింటున్నాడనుకున్నాను. ఇంత ఆకలేటి, గట్టివాడు పుట్టాడు అని మురిసిపోతూ ఎగిరాను, ఆరుసార్లూ."

ఎర్నమ్మకు ఏడుపు ఆగలేదు. ఒక పండు పిల్ల నోట్లో పెట్టింది. రెండోది ముక్కున కరుచుకుని, తను మింగకుండా, సందులోంచి బయటికి చాపింది.

"ముందు నువ్వు తిను మావా. నువ్వు ప్రతిరోజూ వచ్చావు. నేను ఒక్కనాడూ ఆ మాట నీతో అనలేదు, నాతోనూ అనుకోలేదు. ఇవాళ అంటున్నాను. నువ్వు వచ్చావు."

మొగపిట్ట పెట్టడమే గానీ, ఆడపిట్ట చేతి పండు తినడం ఆ అడవిలో ఎవరూ ఎరగరు. పైడయ్య అటూ ఇటూ చూశాడు. అయినా మింగాడు. ఆకలిగా ఉన్నాడు మరి, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

నీతి: చెవిన పడ్డ మాటల్లో పనికొచ్చేది ఉంచుకుని తక్కినది పోనివ్వాలి, మనలో మనం అనుకునే మాటే మన ఇంటి మాట అవుతుంది, కాబట్టి మనకు జరుగుతున్న మేలును కూడా అందులో చెప్పుకోవాలి.