బూర నోటికి కుండ

పొద్దుటి బూర మోతకు పసి యువరాజు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు. కోట ఆచారం ప్రకారం బూర ఆగకూడదు, మోతా వినపడకూడదని దళవాయి దాని నోట్లో గుడ్డలు కుక్కించాడు. ఊదలేక బూర ఊదే ముసలి గవరయ్య కూలబడ్డాడు. భార్య నూకాలు దళవాయి దగ్గరికి పరుగెత్తింది.

"ఊదడం చేతకాదా వాడికి?" అన్నాడతను.

"దొరా, ఒక్కసారి ముక్కూ నోరూ మూసుకుని గట్టిగా ఊదండి."

ఊదబోయి మొహం కందిపోయి, దళవాయి గబుక్కున చెయ్యి తీసేశాడు.

"వచ్చినంత ఊపిరీ పోవడానికి దారుండాలి దొరా" అంది నూకాలు మెల్లగా.

బూరలోని గుడ్డలు లాగేసి, దాని నోటికి సరిపడే మూతి ఉన్న కుండ తెచ్చి, అడుగున చిల్లులు పెట్టి, లోపల దూది వదులుగా పరిచింది. గవరయ్య బూరను దానికి ఆనించి నిండుగా ఊదాడు. మోత మెత్తబడి బయటికొచ్చింది.

అంతఃపురం నుంచి రాణి కబురు పంపింది: "ఇంకాసేపు ఊదమనండి. బాబు నిద్రపోతున్నాడు."

నూకాలు కొంగుతో మొగుడి నుదురు తుడిచింది.