ఎండలో పెట్టిన వీణ

అనగనగా ఒక అడవిలో ఒక సంగీత బడి ఉండేది. అడవిలో బడేమిటి, అందులో సంగీతమేమిటి అని నవ్వకండర్రా. నవ్వేవాళ్ళకి నేను కథ చెప్పను. ఊ కొట్టేవాళ్ళకే చెబుతాను.

ఆ బడి ఏ ఒక్కరిదీ కాదు. అందరూ కలిసి పెట్టుకున్నది. ఏనుగులు పనస దుంగలు మోసుకొచ్చాయి. ఎలుగుబంట్లు తేనెపట్టుల నుంచి మైనం తెచ్చాయి. కుందేలమ్మ సొరబుర్రలు ఎండబెట్టి ఇచ్చింది. వాటన్నిటితో కొండముచ్చు మాస్టారు వీణలు చేశారు. ఒక పెద్ద గుహలో బడి మొదలైంది. నేర్చుకుంటామని వచ్చిన వాళ్ళని ఎవరినీ పొమ్మనలేదు.

అయితే వీణలు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకని ఒక్కో వీణ ఇద్దరికి ఇచ్చారు. ఒకరు పొద్దున వాయించాలి, ఒకరు సాయంత్రం వాయించాలి. మాస్టారు తన వీణ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని పాఠం చెప్పేవారు. పిల్లల వీణ మీద తాను చెయ్యి వేసేవారు కాదు. ఎవరి వీణ వాళ్ళ చేతికే అలవాటు కావాలనేది ఆయన పద్ధతి.

బడిలో ఒకటే గట్టి నియమం ఉండేది. వీణను గుహ దాటించి ఎండలోకి తీసుకుపోకూడదు. ఎందుకో చెబుతాను వినండి. వీణ మీద వరసగా మెట్లుంటాయి. ఒక్కో మెట్టు ఒక్కో స్వరానికి చోటు. ఆ మెట్లన్నీ మైనంలో కూర్చునుంటాయి. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది, మెట్టు జారుతుంది. అప్పుడు మీరు 'గ' అని మీటితే అది 'గ' పలకదు. ఇంకేదో పలుకుతుంది.

ఒక వీణ ముళ్ళపందికీ ముంగిసకీ కలిపి వచ్చింది. ముళ్ళపంది పేరు సూదమ్మ. ఎవరికైనా ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని వీపు మీద టేకాకులు కప్పుకుని, ఓ పక్కగా ఒదిగి కూర్చునేది. కానీ దాని చెవి మాత్రం మహా చురుకు. చీకటి పడే వేళ చిరుత వస్తే, అందరికంటే ముందు సూదమ్మకే దాని అడుగు వినిపించేది. వెంటనే ముళ్ళు గలగలమని ఆడించేది. ఆ చప్పుడు వినగానే గుహ పక్కనున్న గుట్ట మీది పిల్లాజెల్లా బొరియల్లోకి దూరేవాళ్ళు.

ముంగిస పేరు జువ్వయ్య. తెలివైనవాడే. చెయ్యి కూడా మంచిదే. వాడికి ఉన్న జబ్బల్లా ఒకటే, నలుగురూ 'ఆహా' అనాలి.

ఎండాకాలంలో ఒకనాడు జువ్వయ్య బావలు వాగు అవతలి నుంచి చుట్టపుచూపుగా వచ్చారు. జువ్వయ్య వీణ నేర్చుకుంటున్నాడని వాళ్ళు నమ్మలేదు. కోతలు కొయ్యకు బావా అని ఎగతాళి చేశారు. మిట్టమధ్యాహ్నం, మాస్టారు కునుకు తీస్తున్నారు. జువ్వయ్య వీణ ఎత్తుకుని వాగు ఒడ్డున నల్లబండ దగ్గరికి వెళ్ళాడు. వాయించాడు. బావలు ఆహా అన్నారు, ఓహో అన్నారు. ఆ తర్వాత అందరూ మామిడిపళ్ళకి పరిగెత్తారు. వీణను బండకి ఆనించి నిలబెట్టిన సంగతి జువ్వయ్య మరిచిపోయాడు.

గుర్తొచ్చి వెనక్కి ఉరికేసరికి వీణ కాలిపోతోంది. మైనం మెత్తబడి ఉంది. మెట్లు కాస్త కాస్త కిందికి జారి ఉన్నాయి. చూపుకి తెలియదు, మీటితే తెలుస్తుంది. చల్లబడ్డాక జువ్వయ్య వీణను తెచ్చి ఉన్నచోటే పెట్టేశాడు. బావలున్నారని సాకు చెప్పి ఆ సాయంత్రం పాఠానికి పోలేదు. మాస్టారికి చెబితే తిడతారు, రేపు చెబుదాంలే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున సూదమ్మ వచ్చి వీణ ముందు కూర్చుంది. సరళీ వరసలు మొదలుపెట్టి రెండు స్వరాలు మీటి ఆగిపోయింది. స్వరం పైకి పోతోంది మాస్టారూ అంది.

"పోతోంది. నాకూ వినపడుతూనే ఉంది" అన్నారు మాస్టారు. "నువ్వు తీగను గట్టిగా నొక్కుతున్నావు. మెల్లగా పట్టు."

సూదమ్మ మెల్లగా పట్టింది. అయినా పైకే పోయింది. ఇంకా మెల్లగా పట్టింది. తీగ అసలు పలకనే లేదు. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. సూదమ్మ టేకాకుల్లోకి మరీ ముడుచుకుపోయింది.

సాయంత్రం మాస్టారు జువ్వయ్యని అడిగారు. ఒరే, నీ వీణలో ఏమైనా తేడాగా ఉందా అని మామూలుగానే అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు జువ్వయ్య గతుక్కుమన్నాడు.

"నాకేం తేడా లేదండీ" అన్నాడు.

అదిగో, అక్కడర్రా తప్పు జరిగింది. వీణ ఎండలో పెట్టడం మరుపు. ఈ మాట మరుపు కాదు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి వాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. జారిన మెట్టుని వదిలేసి, దాని వెనక మెట్టు మీద వేలు పెట్టి, తీగను పక్కకి లాగి స్వరాన్ని అందుకునేవాడు. తప్పు ఎక్కడుందో తెలిసినవాడు కాబట్టి చెయ్యగలిగాడు. స్వరం సరిగ్గా పలికేది. మాస్టారు మురిసిపోయారు. ఇంత చిన్న వయసులో ఇంత బాగా తీగ లాగడం తాను చూడలేదన్నారు. అప్పుడు కూడా జువ్వయ్య నోరు తెరవలేదు.

సూదమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, రోజూ అదే తప్పు వాయించి, రోజూ తల వంచుకుని వెళ్ళేది. ఒకనాడు వాగు దగ్గర జువ్వయ్య ఒంటరిగా కనిపిస్తే దగ్గరికి వచ్చింది.

"అన్నా, నిజం చెప్పు. ఆ వీణ నీ చెవికి సరిగ్గానే ఉందా? నాకు మాత్రం మెట్టు దగ్గరే తప్పుగా వినిపిస్తోంది."

చూశారా, దానికి తెలిసిపోయింది. చెవి సరిగ్గా చెప్పింది. ఒక్క 'అవును' చాలు. జువ్వయ్య నీళ్ళ వంక చూశాడు.

"నువ్వింకా సాధన చెయ్యాలి చెల్లీ" అన్నాడు.

సూదమ్మ సరేనన్నా అని వెళ్ళిపోయింది. ఆ రోజంతా జువ్వయ్య మింగలేక కక్కలేక తిరిగాడు. అయినా చెప్పలేదు. మొదటి రోజే చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారు. రోజు గడిచేకొద్దీ సిగ్గు పెరిగింది. సిగ్గు పెరిగేకొద్దీ నోరు మూసుకుపోయింది.

మాస్టారు మంచి ఉద్దేశంతోనే ఇంకో పని చేశారు. సూదమ్మని సాయంత్రం కూడా రమ్మన్నారు. జువ్వయ్య చేతిని చూసి నేర్చుకోమన్నారు. పాపం, అది ఓ మూల కూర్చుని ఆ దొంగ వేళ్ళ వంకే కళ్ళార్పకుండా చూసింది. తీగ లాగడం వాడి నేర్పే అనుకుంది కానీ, చెడిన మెట్టుని తప్పించే ఉపాయమని దానికి తట్టలేదు. అదే వీణ మీద వాడికి స్వరం పలుకుతోంది, తనకి పలకడం లేదు. ఇంకేముంది, లోపం తన చేతిలో కాదు, చెవిలోనే ఉందని తేల్చుకుంది.

పాఠం అయిపోయాక లేచి మాస్టారి కాళ్ళకి దండం పెట్టింది. తనకి స్వరజ్ఞానం లేదని, రేపటి నుంచి రానని చెప్పింది. తర్వాత జువ్వయ్య వైపు తిరిగింది.

"నా పొద్దుటి వేళ కూడా నువ్వే తీసుకో అన్నా. వీణ బాగా వాయించేవాళ్ళ దగ్గరుండాలి."

జువ్వయ్యకి భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు. అలాంటప్పుడు అది ఎప్పుడూ చీలదు. వాడు తల ఊపి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దు గుంకుతోంది. గుట్ట మీద కుందేలు పిల్లలు గడ్డి కొరుకుతూ గంతులేస్తున్నాయి. జువ్వయ్య తన బొరియ ముందు కూర్చుని చూస్తున్నాడు. సూదమ్మ ఎప్పటిలాగే తాను రోజూ కూర్చునే రాయి పక్కన ఉంది. ఉన్నట్టుండి పొద లోంచి చిరుత దూకింది.

ముళ్ళ గలగల వినపడలేదు. ఎవరూ ముందుగా పరిగెత్తలేదు. కుందేలమ్మ చిన్నకొడుకు చిరుత పంజాకి చిక్కి, గిలగిల కొట్టుకుని, ఎలాగో జారి బొరియలో పడ్డాడు. ప్రాణం దక్కింది. చెవి సగం తెగిపోయింది.

చిరుత వెళ్ళిపోయాక అందరూ పోగయ్యారు. మాస్టారు కూడా వచ్చారు. కుందేలమ్మ ఏడుస్తూ సూదమ్మ మీద పడింది. నిన్ను నమ్ముకునే కదా పిల్లల్ని బయటికి వదిలాను, నీకు అడుగు వినపడలేదా అని నిలదీసింది.

సూదమ్మ తల ఎత్తలేదు.

"వినపడింది అక్కా" అంది. "వినపడింది కానీ, నా చెవి మంచిది కాదు కదా. ఎండుటాకుల చప్పుడేమో అనుకున్నాను. లేనిపోనిది విని అందర్నీ బెదరగొడితే మళ్ళీ నవ్వుతారేమో అనుకున్నాను."

జువ్వయ్య ఆ పిల్లవాడి తెగిన చెవి వంక చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"దాని చెవి మంచిదే మాస్టారూ" అన్నాడు. "వీణే చెడింది. నేనే ఎండలో పెట్టాను. మెట్లు జారాయి. మీరడిగితే అబద్ధం చెప్పాను. సూదమ్మ అడిగితే అబద్ధం చెప్పాను. నాకు అంతా తెలుసు."

మాస్టారు వాణ్ణి కొట్టారా అని అడుగుతారు మీరు. కొట్టలేదు. కొట్టి ఉంటే వాడికే హాయిగా ఉండేది.

"నాకూ చెవులున్నాయి" అన్నారు మాస్టారు. "ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది. ఒక్కసారి వీణ నా ఒళ్ళో పెట్టుకుని చూసి ఉంటే తెలిసేది. పద్ధతి పద్ధతి అనుకుంటూ నేను చూడలేదు. పిల్లనే తప్పు పట్టాను."

నవ్విన పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. కుందేలమ్మ కూడా కన్నీళ్ళు తుడుచుకుని మొహం తిప్పుకుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఆ సాయంత్రం గుట్ట మీద సిగ్గుపడని వాళ్ళు లేరు. పెద్ద పిడికెడు మాత్రం జువ్వయ్యదే.

మర్నాడు మాస్టారు ఆ వీణకి మైనం కరిగించి పోశారు. మళ్ళీ మెట్లు కట్టడానికి కూర్చున్నారు. సూదమ్మని పిలిపించారు. అది వచ్చి దూరంగా నిలబడింది. మాస్టారు దగ్గరికి రమ్మని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తాను తీగ మీటుతూ మెట్టుని జరుపుతానని, ఎక్కడ ఆపాలో సూదమ్మే చెప్పాలని అన్నారు. జువ్వయ్య నిప్పు కుంపటి పట్టుకుని ఎదురుగా ఉన్నాడు.

మాస్టారు మీటారు. మెట్టు జరిపారు. మళ్ళీ మీటారు. సూదమ్మ నోరు విప్పలేదు. మాస్టారి మొహం చూసింది, పిల్లల మొహాలు చూసింది. మీరే చెప్పండి మాస్టారూ, నాకేం తెలుసు అంది. పక్కన మైనం గట్టిపడుతోంది. జువ్వయ్య దాన్ని మళ్ళీ కరిగించాడు. మాస్టారు విసుక్కోలేదు. మళ్ళీ మీటారు. అలా పొద్దెక్కేదాకా సాగింది.

చివరికి సూదమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది.

"ఇక్కడేమో అనిపిస్తోంది. తప్పేమో."

మాస్టారు మెట్టుని అక్కడే కూర్చోబెట్టి తన వీణతో సరిచూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాటే అందరికీ వినపడేలా చెప్పారు. రెండో మెట్టు జరిపారు. సూదమ్మ సరిగ్గా చెప్పింది, మళ్ళీ 'తప్పేమో' అంది. మూడో మెట్టు దగ్గరా అంతే. సాయంత్రానికల్లా వీణ బాగైపోయింది. మర్నాటి నుంచి సూదమ్మ పొద్దున్నే బడికి వచ్చింది. చక్కగా వాయించింది కూడా.

కానీ ఒక్కో వరస అయిపోగానే ఆగి, తల ఎత్తి, 'సరిగ్గానే ఉందా, తప్పేమో' అని అడిగేది. చీకటి వేళ ముళ్ళు ఆడించేముందు కూడా ఒక్క క్షణం తటపటాయించేది. అందుకని జువ్వయ్య రోజూ సాయంత్రం వీణ పక్కన పెట్టేసి, వెళ్ళి దాని పక్కన కూర్చునేవాడు. "నీకు వినిపించింది నిజమే చెల్లీ, ఆడించు" అని చెప్పేవాడు. అది వాడి మొహంలోకి చూసి, "నిజంగానా అన్నా?" అనేది. అలా అడిగినప్పుడల్లా వాడు తల వంచుకునేవాడు.

నీతి: మన తప్పు దాచడానికి ఎదుటివాళ్ళ చేత 'తప్పు నాదేనేమో' అనిపించకూడదు. చెడిన వస్తువుని ఒక్క రోజులో బాగుచేయవచ్చు కానీ, వాళ్ళకి తమ మీద పోయిన నమ్మకాన్ని అంత తొందరగా తిరిగి ఇవ్వలేం.