గోడకు ఈ పక్క

హజ్‌కు పోయేవాడు బయలుదేరే ముందు గడపగడపకూ వెళ్లి, "తెలిసో తెలియకో ఏమన్నా అనుంటే మాఫ్ చేయండి" అని అడగాలి. దస్తగిరి ఊరంతా తిరిగి అడిగాడు. పాలుపోసే నాగక్కనూ అడిగాడు, తన చేను మేపుకున్న గొర్రెల కాపరినీ అడిగాడు. ఒక్క గడప మాత్రం తొక్కలేదు. అది సొంత అన్న మౌలాలిది. నాయన పోయాక ఇద్దరి నడుమా లేచిన గోడకు అవతలి గడప.

ఆ సంగతి గురువు గౌస్ మియా హజ్రత్‌కు తెలియదనుకున్నాడు. చూడండి వాడి పిచ్చి!

తెల్లటి కుట్టులేని బట్టలు కట్టుకుని ఇద్దరూ హైదరాబాదులో విమానమెక్కారు. హజ్రత్ ఈ ప్రయాణం కోసం నిన్న మొన్నటి నుంచా కాచుకున్నది? గడ్డం నల్లగా ఉన్ననాటి నుంచీ.

దస్తగిరి నోరు ఊరుకోదు. "ఇక్కడి నుంచి జెద్దా విమానాశ్రయం నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే హజ్రత్! నడుమ సముద్రం, ఎడారి. అయినా పొద్దు వాలకముందే దిగుతాం."

"అల్లా దయ. బయలుదేరేటప్పుడు మీ అన్న ఏమన్నాడు?"

దస్తగిరి కిటికీలోకి చూశాడు. "ఆయన... ఇంట్లో లేడు."

"ఏడేళ్లుగా లేడా?"

హజ్రత్ బెల్టు విప్పుకుని లేచాడు. పైనున్న సంచీ దించి భుజాన వేసుకున్నాడు.

"హజ్రత్! ఎక్కడికి? తలుపులేస్తున్నారు!"

"దిగిపోతున్నా నాయనా."

"దిగితే మళ్లీ ఎక్కనివ్వరు! ఈ ఏడు తప్పిపోతే మీ వయసుకి..." మిగతా మాట మింగేశాడు.

ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది. "పెద్దాయనా, కూర్చోండి. ఫోన్లు కూడా ఆపేయాలి."

"నాతో వస్తానన్నవాడు ఇంకా ఇల్లు కదల్లేదమ్మా. వాణ్ణొదిలి నేనెట్లా పోయేది?" అంటూ హజ్రత్ తలుపు వైపు అడుగేశాడు.

ఇంకో అడుగు.

దస్తగిరి గబగబా ఫోను తీశాడు. అన్న నంబరు ఎప్పుడో చెరిపేశాడు. వేళ్లు మాత్రం మరిచిపోలేదు. మోగుతోంది. ఎత్తడం లేదు. హజ్రత్ తలుపు దాకా వెళ్లిపోయాడు.

"హలో, ఎవరూ?"

దస్తగిరి ఫోను చెవికి అదుముకున్నాడు.

అన్న ఊపిరిని బట్టే పోల్చుకున్నాడు కాబోలు. "దస్తగిరీ? ఈ పాటికి విమానం లేచుండాలే! యాడుండావురా?"

నాలుగు వేల కిలోమీటర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పినవాడికి, ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ప్రాణం మీదికొచ్చింది.

"గోడకు ఈ పక్కనే ఉండానన్నా. మాఫ్ చెయ్యి."

అవతల అన్న తడి గొంతుతో, "సరేలేరా... నా సలాం గూడా తీస్కపో."

దస్తగిరి పైబట్ట చెరగుతో మొహం తుడుచుకుని తలెత్తేసరికి, హజ్రత్ పక్కన కూర్చుని బెల్టు బిగించుకుంటున్నాడు.

"ఇంక తలుపేసుకోండమ్మా," అన్నాడు. "మావాడు ఎక్కాడు."